మిద్దె మీద గీసిన వెబ్‌సైటు

మొన్న కరెంటు బిల్లు కడదామని కూర్చుంటే ఆ వెబ్‌సైటు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఒకచోట నొక్కితే ఇంకోచోటికి, అక్కణ్నుంచి మళ్లీ మొదటికి తిప్పి తిప్పి, చివరికి ఖాళీగా ఉన్న ఒక తెల్లటి పేజీలో పడేసి ఊరుకుంది. ముందుకు పోయే దారి లేదు, వెనక్కి వచ్చే దారీ లేదు. "ఎవడు కట్టిండో దీన్ని. అసలు నక్ష గీసిండా? మిద్దెక్కించి ఎండల నిలబెట్టాలె వీణ్ని" అని పైకే తిట్టాను. పక్కగదిలోంచి మా ఆయన, "కరెంటు బిల్లుకూ మిద్దెకూ ఏం సంబంధమే?" అన్నాడు.

ఆయనకు తెలియదు పాపం. ఆ తిట్టు నాది కాదు, ఆపాది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అయినా నాకు కోపమొస్తే నా నోట్లోంచి ఆమే మాట్లాడుతుంది.

నల్లగొండలో గడియారం స్తంభం దగ్గర ఒక సందు. ఆ సందులో మెట్లెక్కితే ఆమె కంప్యూటర్ సెంటర్. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. ముందు గదిలో టైపు మిషన్లు ఇంకా అలాగే వరసగా కూర్చుని ఉండేవి, పెన్షన్ తీసుకున్న గుమాస్తాల్లా. లోపలి గదిలో కంప్యూటర్లు. వాటికి ఆమె స్వయంగా కుట్టిన పూల ముసుగులు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. తొంభైలు ముగింపుకొస్తున్న రోజులవి. ఇంటర్నెట్టు అనే మాట ఊళ్లో కొత్త. ఫోను తీగ మీద కూతలు పెట్టి, గురకలు పెట్టి, ఎప్పుడో దయ కలిగితే కలిసేది.

ఆమెను ఆపా, అంటే అక్కా, అననివాళ్లు ఆ సందులో లేరు. మేమూ ఆపా అనేవాళ్లం, మా తండ్రులూ ఆపా అనేవాళ్లు, చాయ్ తెచ్చే ముసలాయన ఆమెకంటే పెద్దవాడు, ఆయనా ఆపా అనేవాడు. పొట్టి మనిషి. నడిస్తే మెట్లు చప్పుడయ్యేవి. ఎప్పుడు చూసినా గుప్పిట్లో సుద్దముక్క. మాట్లాడుతూ ఆ చెయ్యిని నడుము మీద పెట్టుకునే అలవాటు. అందుకని నల్ల బురఖాకు నడుము దగ్గర తెల్లటి అరచేతి ముద్ర ఎప్పుడూ ఉండేది. ఉతికితే పోయేది, మధ్యాహ్నానికి మళ్లీ వచ్చేది.

ఆపాకు ఏ పనికైనా ముందు నక్ష, అంటే గీసిన పటం, కావాలి. హైదరాబాదుకు బస్సులో పోవాలంటే బల్ల మీద వేలితో గీసేది. బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ చాయ్ బాగుంటుంది, పొద్దున పోయేటప్పుడు ఎండ ఏ పక్క కొడుతుంది. "ఎడమ దిక్కు కూసోన్రి. కుడిదిక్కు కూసుంటె మొఖం మాడిపోతది" అని పోయేవాళ్లకు చెప్పి పంపేది. తమ్ముడి కూతురి పెండ్లిలో దావత్ ఎలా నడవాలో ముందే చింతగింజలు పరిచి చూసుకుంది. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు, వడ్డించేవాళ్లు మధ్యలోంచి. పెండ్లినాడు బిర్యానీ గిన్నెలు దిగే వేళకు కరెంటు పోయింది. అందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. మేమంతా నవ్వుతుంటే ఆపా మాత్రం తీరిగ్గా, "నక్షల జనరేటర్ బెట్టలే. అది నా తప్పు" అంది. వంటలో మాత్రం ఆమెకు నక్ష ఉండేది కాదు. ఉప్పు ఎంత వెయ్యాలి ఆపా అంటే, "చేతికి ఎరుకనే, నన్నెందుకు అడుగుతవ్?" అనేది.

నేను డిగ్రీ అయిపోయి, చిన్నమ్మ ఇంట్లో ఉండి కంప్యూటర్ నేర్చుకోవడానికి చేరాను. మా ఊరు చౌటుప్పల్ దాటి లోపలికి పోవాలి. మాది మగ్గాల ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ ఆసు చట్రం మీద నూలు పోసేది, కట్టేది. నాకేమో ఆ చప్పుళ్లలోంచి బయటపడి చల్లటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలని పట్టుదల. వెబ్‌సైట్లు చెయ్యడం నేర్పుతారని బోర్డు చూసి ఎగిరి గంతేశాను. తీరా చేరాక ఆపా నన్ను కంప్యూటర్ ముసుగు కూడా తియ్యనివ్వలేదు.

"కంప్యూటర్ అంటే కొలిమి అనుకో. కొడవలి జెయ్యాల్నా, గొడ్డలి జెయ్యాల్నా ఎరుకైనంకనే కొలిమి అంటుపెట్టాలె. ఉత్తగ అంటుపెడితె బొగ్గు దండుగ" అనేది.

అక్కడ ప్రతి ఒక్కరికీ మొదటి పని ఒకటే. మన ఇల్లు ఒక వెబ్‌సైటు అనుకోవాలి. దాన్ని చూడ్డానికి ఒకరు వస్తారు. వచ్చినవాడికి ఏం చూపిస్తాం, ఎటు నడిపిస్తాం. ఆ వచ్చేవాణ్ని ఆపా మెహమాన్ అనేది, అంటే చుట్టం. నేను రాత్రంతా కలలు కని వచ్చాను. మొదటి పేజీలో బంతిపూలు రాలాలి, పేరు మెరుస్తూ ఆరుతూ ఉండాలి, వెనకాల పాట రావాలి. అదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆపా చాయ్‌ని సాసర్లో పోసుకుని ఊదుతూ విన్నది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంట్ల గదులెన్ని?"

"అదింకా అనుకోలేదు ఆపా."

"మరి పూలు ఏడ రాలుతయ్? గాలిలోనా? రంగులు ఆఖర్ల. ముందు మెహమాన్ ఎవరు, ఎందుకొచ్చిండు, ఎటు పోతడు. గీ మూడు చెప్పు." అని సుద్దముక్క నా చేతిలో పెట్టి మిద్దె మీదికి పంపింది.

మిద్దె మీద గచ్చు నున్నగా ఉండేది. వెబ్‌సైటును దాని మీద గీయాలి. ఒక్కో పేజీకి ఒక్కో గది, మనిషి నిలబడేంత. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే మధ్యలో గీత చెరిపి తలుపు పెట్టాలి. తలుపు మీద ఏ గదిలోకి పోతుందో రాయాలి. ఎక్కడున్నా ముందు గదికి తిరిగొచ్చే తొవ్వ ఉండాలి. గీయడమైపోయాక ఆపా చుట్టంలా వచ్చి అందులో నడుస్తుంది. తలుపు లేనిచోట గీత దాటదు. అదే పరీక్ష.

నేను బ్రహ్మాండంగా గీశాననుకున్నాను. ఆపా వచ్చింది. ముందు గదిలో నిలబడి అటూ ఇటూ చూసింది. ఫోటోల గదిలోకి పోయింది. అక్కడ ఆగింది. మళ్లీ అటూ ఇటూ చూసి, నింపాదిగా ఎండలోనే ఆ గదిలో కూర్చుంది.

"ఏమైంది ఆపా?"

"ఏం గాలే. తొవ్వ లేదు. ఇగ ఈడనే ఉంట."

"గీత దాటి రాండి ఆపా."

"గోడలు దుంకుతర చుట్టాలు? పోయి చాయ్ జెప్పు. బిస్కెట్లు గూడ తెమ్మను. ఎన్ని దినాలు ఉండాల్నో ఏమో."

పక్క మిద్దెల మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. చాయ్ ముసలాయన నిజంగానే చాయ్ తెచ్చి, గీత బయటినుంచే చెయ్యి చాపి ఆమెకు అందించాడు. ఆయనకు ఇది అలవాటే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే వంగి అరచేత్తో గీత చెరిపి, "ముందు గదికి" అని రాశాను. ఆపా లేచి, బురఖా దులుపుకుని, తలుపులోంచి బయటికొచ్చి, "శుక్రియా. మీ ఇల్లు మంచిగుంది" అని కిందికి దిగిపోయింది. అంతే, మెచ్చుకోలు లేదు, తిట్టు లేదు. ఆ కోపం నాకు సాయంత్రం దాకా ఉంది. ఆ తర్వాత ఏ పేజీ గీసినా ముందు తలుపు పెట్టి గది గీసేదాన్ని.

ఆ రోజుల్లోనే మా ఊరి నేతసొసైటీకి ఒక తంటా వచ్చిపడింది. మా చీరలో ఉండే పూలూ గళ్లూ బట్ట మీద అద్దినవి కావు. మగ్గమెక్కక ముందే నూలును పాత సైకిల్ ట్యూబు ముక్కలతో గట్టిగా కట్టి, రంగుల్లో ముంచి, ఆ రంగు నూలుతోనే నేస్తారు. ఆ కట్టే పనిని మా దగ్గర చిటికి అంటారు. అయితే ఎవరో అచ్చం మా డిజైన్లనే మామూలు బట్ట మీద అచ్చుగుద్ది, రోడ్డు మీద మా చీరలేనని అమ్మడం మొదలుపెట్టారు. చూడ్డానికి తేడా తెలియదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. హైదరాబాద్‌లో పెద్ద ప్రదర్శన ఉంది, బయటి రాష్ట్రాల షాపులవాళ్లు, విదేశీ దొరలూ వస్తారు, మన చీరల సంగతి కంప్యూటర్‌లో పెట్టి చూపిస్తే మంచిదని ఎవరో అధికారి సొసైటీకి చెప్పిపోయాడు.

అది మీటింగులో వచ్చింది. మా సొసైటీ మీటింగంటే మగవాళ్లదే. పెద్దలకు కుర్చీలు, మిగతావాళ్లకు చాపలు. బాపు ఎప్పుడూ గడప దగ్గరే కూర్చునేవాడు. ఆ రోజు అధ్యక్షుడు, పట్నంలో ఎవరికైనా ఇద్దామన్నాడు. బాపు లేచి, "నా బిడ్డ నేర్చుకుంటాంది. ఆమె చేస్తది" అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు.

"ఆడపిల్ల చేతుల పెడ్తే, రేపు కాకుంటె ఎవలు జిమ్మేదారి?" అన్నాడు అధ్యక్షుడు.

"నేను జిమ్మేదారి. నా బిడ్డతోటి కాకుంటె, మల్ల ఈ మీటింగుల నేను నోరు తెరవ."

ఇది నాకు అమ్మ చెప్పింది. బాపు నాకేమీ చెప్పలేదు. అమ్మ నూలు చుడుతూ, "మీ బాపు ఊరికెనే మాటియ్యడు. ఇచ్చిండంటె దానికే కట్టుబడి ఉంటడు. పైలం బిడ్డా" అంది. మా బాపు మామూలుగానే తక్కువ మాట్లాడతాడు. మాట్లాడే ఆ నాలుగు మాటలూ మీటింగులోనే. నూలు సరిగ్గా లేదని అడిగేది ఆయనే, ముసలి నేతగాళ్ల తరఫున నిలబడేది ఆయనే. ఆ నోరు మూతపడితే అది నా చేతిమీదుగా జరగాలా అని భయమేసింది.

ఆపాకు చెబితే, "మంచిది. మెహమాన్ దొరికిండు మనకు, నిజమైనోడు" అని సుద్దముక్క తీసింది. నా భయం సంగతి ఎత్తనేలేదు.

అధ్యక్షుడు ఒకసారి సెంటర్‌కు వచ్చి, మొదటి పేజీలో సొసైటీ పెట్టిన పెద్దాయన ఫోటో దండతో, దాని కింద కమిటీ వాళ్లందరి ఫోటోలు, అందరికంటే పెద్దగా తనది ఉండాలన్నాడు. ఆపా ఆయనకు కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఆయన తాగాక అడిగింది. "అన్నా, మీరు రాంగనె నేను మా తాత ఫోటో సూపెట్టిన్నా, మంచినీళ్లిచ్చిన్నా?"

"మంచినీళ్లే ఇచ్చినవ్."

"గంతే అన్నా. చీర కోసం వచ్చినోనికి ముందు చీర జూపిద్దాం. మీ ఫోటో కోసం వచ్చినోడు మీ గదికి పోతడు. మీకు మంచి గది గీపిస్త."

ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "గదికి మంచి తలుపు బెట్టున్రి" అని పోయాడు.

నేను చాలా కష్టపడి నక్ష వేశాను. ముందు గదిలో ఊరి పేరు, ఒక చీర. అక్కణ్నుంచి చీరల గది, చిటికి ఎలా కడతారో చెప్పే గది, సొసైటీకి ఎలా రాయాలో చెప్పే గది, మూలన అధ్యక్షుడి గది. చీరల గదుల్లో సొసైటీ తీయించిన ఫోటోలు పెట్టి, ఎగిరిపోకుండా మీద కంకర రాళ్లు పెట్టాను. ఆపా చుట్టంలా నడిచింది. ఎక్కడా ఇరుక్కోలేదు. అన్ని తలుపుల్లోంచీ వెళ్లి ముందు గదిలోకి వచ్చి, "పాస్" అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఇక కంప్యూటర్ ముసుగు తీద్దామనుకుంటే, "జెర ఆగు. నేను నిన్నెరుగుదును. నిన్నెరుగనోళ్లు ఒకలు నడవాలె" అంది.

ఎవర్ని పిలుస్తుందోనని చూస్తే, వీధి చివరింటి పెద్దమ్మను పిలిచింది. ఆమె సంగతి చెప్పాలి. చీరల మూటలు నెత్తిన పెట్టుకుని వీధుల్లో అరుస్తూ తిరిగేవాళ్లు ఆమె ఇల్లు దగ్గరికి రాగానే అరుపు ఆపి చప్పుడు చెయ్యకుండా దాటిపోయేవాళ్లు. పిలిచిందంటే మూటంతా విప్పిస్తుంది, ప్రతి చీరా దులుపుతుంది, మధ్యాహ్నం చేస్తుంది, చివరికి ఏదీ నచ్చలేదంటుంది. ఆపా ఆమెను బేరాలక్క అనేది, ముఖం మీదే. ఆమె అదొక బిరుదు అన్నట్టు నవ్వేది.

ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చింది. "ఏందే ఇది, తొక్కుడుబిళ్ల ఆడిపిస్తవా ఈ వయసుల?" అంది.

"చీరల దుకాణమనుకో అక్కా. గీతలు గోడలు. తలుపుల్లకెల్లే పోవాలె. నచ్చితె కొనుక్కో, లేకుంటె పో" అంది ఆపా.

ఆమె ముందు గదిలో ఆగనైనా ఆగలేదు. నేరుగా చీరల గదిలోకి పోయింది. ఎర్ర చీర ఫోటో మీది రాయి తీసి, ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత దాన్ని తిప్పింది. వెనకాల స్టూడియో ముద్ర ఉంది, మిగతాదంతా తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఎన్క ఏం లేదేంది?" అంది.

నాకు నవ్వొచ్చింది. "అది ఫోటో గద పెద్దమ్మా."

"ఫోటో అని నాకు తెల్వదా పిల్లా? చీర ఎన్కదిక్కు ఏదీ అని అడుగుతున్న. అచ్చుగుద్దిన చీర ముంగట మస్తుగ మెరుస్తది. తిప్పితె గద దాని గుట్టు బయటపడేది. నేసినదైతె రెండు దిక్కుల ఒక్క తీరుంటది. తిప్పనియ్యకుంటె నేనెట్ల కొంట?"

ఫోటోను అక్కడే పడేసి, తలుపుల సంగతి మర్చిపోయి, నా గీతలన్నీ తొక్కుకుంటూ నేరుగా మెట్ల దగ్గరికి నడిచింది. ఆపా ఆమెను ఆపలేదు.

నేను అక్కడే కూలబడ్డాను. చీర వెనకదిక్కు. మా చీరకూ ఆ అచ్చు చీరకూ ఉన్న తేడా అంతా అక్కడే కదా ఉంది. దానికోసమే కదా ఇంత తంటా. సంతలో ముసలమ్మలు కూడా మొదట చేసే పని కొంగు తిప్పి చూడటం. నా నక్షలో అన్ని చీరలూ ముందు మొహంతోనే నిలబడి ఉన్నాయి. దొంగ చీరను పక్కన పెట్టినా అలాగే ఉంటుంది. ప్రదర్శన దగ్గర పడింది. బాపు మాట గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

ఆపా వచ్చి నా పక్కన నిలబడింది. "నేను గూడ పాస్ జేసిన. చీర కొని ఎన్నేండ్లాయెనో, ఈ సల్వార్లకు అలవాటువడి నా తలకాయ ఏడనో వోయింది" అంది. తర్వాత పగలబడి నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. నాకు కోపమొచ్చింది. "ఎందుకు నవ్వుతున్నరు ఆపా? అంత పోయింది."

ఆమె చెప్పు విడిచి, పాదంతో నా చీరల గదిని సగం తుడిచేసింది. "సుద్ద వోయింది. ఇంకేం వోయింది? చెప్పు."

నేను ఆలోచించాను. నిజమే. కంప్యూటర్‌లో కట్టేసి ఉంటే పేజీలన్నీ మళ్లీ విప్పాలి, ఫోటోలన్నీ మళ్లీ ఎక్కించాలి, ఆ ఫోను కూతలతో నెల పట్టేది. ఇక్కడ పోయింది సుద్దముక్క. కళ్లు తుడుచుకుని లేచాను. ఆపాను కౌగిలించుకోవాలనిపించింది కానీ ఆమె అలాంటివి ఒప్పుకునే మనిషి కాదు. సుద్దముక్క తీసుకున్నాను.

కబురు పెడితే బాపు చీరల మూటతో వచ్చాడు. ఫోటో స్టూడియో ఆయన్నీ పిలిపించాం. బాపు ఒక్కో చీరను మిద్దె మీద వెలుతుర్లో పరిచి, కొంగు సగం మడిచి తిప్పాడు. ముందూ వెనకా పక్కపక్కన, ఒకే ఫోటోలో. బేరాలక్క అచ్చు చీర ఒకటి తెచ్చి ఇచ్చింది, తనే ఎప్పుడో మోసపోయి కొన్నదట, ఎవరికీ చెప్పొద్దంది. దాన్నీ అలాగే తీయించాం. ఒక గదిలో అది, పక్కన మాది. చూసినవాడికి మాటలు అక్కర్లేదు. దానికి తలుపు ముందు గదిలోనే పెట్టాను. పైన "తిప్పి చూడండి" అని రాశాను.

"ఇగ నువ్వు నడువు అన్నా" అంది ఆపా బాపుతో.

బాపు చెప్పులు విడిచి గీతలోకి అడుగుపెట్టాడు, ఎవరింట్లోకో పోయినట్టు. ఒక్కో తలుపు దగ్గర ఆగి, రాసింది కూడబలుక్కుని చదువుకుని, అటు నడిచాడు. ఎక్కడా ఇరుక్కోలేదు. తిరిగి వచ్చి, "మేం చిటికి కట్టేటప్పుడు గూడ గిట్లనే మేడం. గళ్ల కాయితం మీద చీరంత ముందుగాల్ల గీసుకుంటం. నూలు కట్టకముందే చీర కండ్లకు కనవడాలె. మల్ల కట్టు విప్పితె రంగు వోదు" అన్నాడు.

ఆపా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్ని రోజులు ఏడున్నవే అన్నా? గీ ముక్క నీ బిడ్డకు జెప్పలేక నా గొంతు వోయింది. ఇంట్ల దేవున్ని బెట్టుకొని నా దగ్గరికి పంపినవ్."

బాపు సిగ్గుపడ్డాడు. నాకూ సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ మర్నాడు ఆపా తన చేత్తోనే కంప్యూటర్ ముసుగు తీసి నాకు కుర్చీ జరిపింది.

ప్రదర్శన బాగా జరిగింది. మా స్టాల్లో కంప్యూటర్ పెట్టాం. ఆపా దాని పక్కన నిలబడలేదు, దూరంగా నిలబడి చూసేవాళ్ల మొహాలు చూస్తూ ఉంది. ఎవరైనా తడబడితే నాకు కనుసైగ చేసేది. వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా "తిప్పి చూడండి" నొక్కారు. నొక్కినవాళ్లు లేచి వచ్చి నిజం చీరను కూడా తిప్పి చూశారు. బెంగళూరు షాపు ఆవిడ ఒకామె అక్కడే చీరలు కావాలని మాట్లాడుకుని పోయింది. ఊళ్లో ఆగిన మగ్గాలు కొన్ని మళ్లీ ఆడాయి. అన్నీ అని చెప్పను.

ఆ తర్వాత సొసైటీ మీటింగు పెట్టి ఆపాను పిలిచారు. ఆమె నల్లగొండ నుంచి ఎడమ దిక్కు సీట్లో కూర్చుని వచ్చి ఉంటుంది, అడగలేదు. లోపల మగవాళ్లు నిండిపోయారు. ఆపాకు అధ్యక్షుడి పక్కన కుర్చీ వేశారు. బాపు గడప దగ్గర కూర్చున్నాడు. మాట ఇచ్చిన నాటినుంచి, ఆ సంగతి తేలేదాకా అని, ఆయన మీటింగుల్లో మాట్లాడలేదు. నూలు సంగతి వచ్చినా మాట్లాడలేదట. నేనూ అమ్మా బయట కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆడవాళ్లు నిలబడే చోటు అదే.

అధ్యక్షుడు శాలువా విప్పి, "మన సొసైటీకి ఇంత మంచి పని జేసిన మేడం గారికి" అని లేచాడు. చప్పట్లు కొట్టారు. నా పేరు రాలేదు. బాపు తల వంచుకుని చేతుల్లోకి చూసుకుంటున్నాడు. ఆయన బిడ్డ చేసిందని ఎవరూ అనలేదు, చెయ్యలేదనీ అనలేదు.

ఆపా చెయ్యి అడ్డం పెట్టింది. "శాలువ మంచిగుంది అన్నా. గని వేరే మనిషికి గప్పుతున్నరు. నేనేం జెయ్యలే. తొవ్వ తెల్వని చుట్టం లెక్క తిరిగిన, చాయ్ తాగిన. గీసింది ఆ పిల్ల, చెరిపింది ఆ పిల్ల, మల్ల గీసి కంప్యూటర్ల కట్టింది ఆ పిల్ల. ఏం అడగాల్నన్న ఆమెను అడుగున్రి" అంది. లేచి బయటికొచ్చింది. నా మణికట్టు పట్టుకుని, మగవాళ్ల మధ్యలోంచి నడిపించుకుపోయి, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. తను పోయి కిటికీ దగ్గర అమ్మ పక్కన నిలబడింది.

చాపల మీంచి ఒక ముసలి నేతగాడు, "బిడ్డా, కొత్త డిజైను నేస్తె అది దాంట్లకు ఎట్లొస్తది? మేమేం జెయ్యాలె?" అని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. నేల చూస్తూ, ఫోటో ముందూ వెనకా తీయాలని, దానికొక గది పెట్టాలని ఏదో నా గొంతులో నాకే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాను.

గడప దగ్గరినుంచి బాపు గొంతు వినబడింది. అందరూ అటు తిరిగారు.

"జెర గట్టిగ మాట్లాడు బిడ్డా. ఎన్కకు ఇనవడ్తలేదు."